లారీలు - దారి తనిఖీలు

హైదరాబాదునుండి షోలాపురము మీదుగా పూనాకు పోవు 65వ జాతీయ రహదారిపై జహీరాబాదు తెలంగాణమునకు పడమటి వాకిలి. ఈ వాకిట బండ్లను నిలిపి పరీక్షించుట నేడు పుట్టిన యాచారము కాదు. నైజాము కాలమున కరోడ్‌గిరి నాకాలుండెడివి. సుంకము చెల్లింపక సరకు సంస్థానపు పొలిమేర దాటుటకు వీలు లేకుండెను. 1956 నవంబరు 1వ తేదీన బీదరు మైసూరు రాష్ట్రమునకును, అంతవఱకు ఆ జిల్లాలోనిదే యైన జహీరాబాదు తాలూకా ఆంధ్రప్రదేశమునకును పోగా, ఒకే జిల్లా నేలపై రెండు రాష్ట్రముల సరిహద్దు పడినది. కాలక్రమమున చిరాగ్‌పల్లియొద్ద చెక్‌పోస్టు వెలసినది. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. రాగా వాణిజ్యపు పన్నుల చెక్‌పోస్టులు పోయినవి. రవాణాశాఖవి మాత్రము నిలిచినవి. 2025 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వము వానినిగూడ మూసివేసినది. అందులకు మేము సంతసించితిమి. కాని పోయినది ద్వారమే గాని తనిఖీ కాదు. ఒక్కచోట నిలిచి చేయు పరీక్ష యిపుడు సంచార బృందముల చేతికి వచ్చి, దారి పొడవున నెచ్చటనైనను జరుగవచ్చును.

తనిఖీయే వలదని వాదించువారితో మేము ఏకీభవింపజాలము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 93వది బండి కొలతలను నిర్ణయించినది. వెడల్పు 2.6 మీటర్లు, ట్రైలరు లేని లారీ పొడవు 12 మీటర్లు, ట్రైలరు తగిలించిన దానికి 18 మీటర్లు మించరాదనిరి. 2020లో దీనిని సవరించి కొన్ని ట్రైలర్లకు 18.75 మీటర్లవఱకును, ఏర్పఱచిన మార్గములలో నడచు బండ్ల వరుసకు 25.25 మీటర్లవఱకును సెలవిచ్చిరి. ఈ యంకెలు కచ్చేరీలో కూర్చుండి ఊహించినవి కావు. మలుపునొద్ద ట్రైలరు వెనుక చక్రములు ముందు చక్రముల జాడను పట్టక లోపలి యంచును కోసికొని పోవును; ఆ యంచున సైకిలువాడో, బడిపిల్లవాడో నిలిచియుండును. బరువు సంగతి యింకను గట్టిది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున 1958-60 సంవత్సరములలో జరిపిన రహదారి పరీక్షలవలన తేలినదేమనగా, ఇరుసుపై భారము రెట్టింపైనచో రోడ్డునకు గలుగు చెఱుపు రెట్టింపు గాదు, సుమారు పదునాఱు రెట్లగును. 2018లో రెండిరుసుల లారీ మొత్తపు బరువును 16.2 టన్నులనుండి 18.5 టన్నులకు బెంచిరి. అంతకుమించి నింపువాడు ప్రజల సొమ్ముతో వేసిన రోడ్డును పగులగొట్టుచున్నవాడే.

అయినను కొలత యనగా కొలుచుట. పొడవునకు టేపు కావలెను, బరువునకు కాటా కావలెను. అనుమానము గలిగిన బండిని తూకమునకు బంపు నధికారము మోటారు వాహనముల చట్టపు 114వ సెక్షనులో నున్నది. డ్రైవర్ల మొఱ యేమనగా, చీకటిలో రోడ్డు ప్రక్కన టార్చిదీపము వేసి, టైరు నలిగిన తీరు చూచి బరువును, కనుచూపుతోనే పొడవును తేల్చుచున్నారని. 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి అధికభారమునకు జుల్మానా 20,000 రూపాయలు, పైబడిన ప్రతి టన్నునకు మఱి 2,000. పూర్వ మిది 2,000, టన్నునకు 1,000గా నుండెను. సరకు బండి హద్దు దాటి వెలికి వచ్చినను 20,000; తూకమునకు రాననిన 40,000. జుల్మానా పెరిగినకొలది మామూలు వెల కూడ పెరుగును. అల్లము నింపుకొని రేపటి బజారునకు చేరవలసినవాడు ఇరువది వేలకు వాదించునా, రెండువేలకు తల వంచునా? తల వంచును. ప్రభుత్వమునకు పైస దక్కదు, బండి బరువు తగ్గదు, రోడ్డు పగులక మానదు. అధికభారమును దింపిన పిదపనే బండి కదలవలెనని చట్టము చెప్పుచున్నది. దింపింపక చలాను మాత్రము వ్రాసి పంపుట జుల్మానా గాదు, టిక్కెట్టు.

ఇక ఈ జుల్మానా నెవరు భరించుచున్నారు? 194వ సెక్షను నడిపినవానిని మాత్రమే పట్టుకొనలేదు. నడిపించినవాడును, నడువనిచ్చినవాడును దోషులేయని స్పష్టముగా వ్రాసియున్నది. అయినను పట్టుబడువాడు స్టీరింగు పట్టినవాడే. సరకు నింపించిన వర్తకుడు గాదెయొద్దనే యుండును, యజమాని టెలిఫోనులో నుండును.

ఈ మాట మా పాఠకులలో పలువురకు రుచింపకపోవచ్చును. చెఱకు కోతలనాడు మన పొలములనుండి వెడలు ట్రాక్టర్లను చూడుడు. వెనుక రెండేసి ట్రాలీలు, ఇరుప్రక్కల వ్రేలాడు గడలు, వెనుక నెఱ్ఱదీపమైన నుండదు. దాని పొడవెంతయో కొలిచినవా డెవడు? చేరువ ఫ్యాక్టరీ ఆడని యేడు ఈ బండ్లే దూరపు ఫ్యాక్టరీలకు జాతీయ రహదారిపై రాత్రులు పోవుచున్నవి. ‘ఇంకొక నాలుగు మోపులు వేయుము’ అని గట్టుపైనుండి కేకవేయుచున్నది మనము. చలాను కట్టుచున్నవాడు మన జీతగాడు. లారీ యజమానిని నిందించునపుడు మన ట్రాలీని మఱచుట న్యాయము గాదు.

రాకపోకలు ముందు పెరుగునే గాని తరుగవు. జహీరాబాదునందు మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారము గలదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో 12,635 యెకరముల పారిశ్రామిక మండలి తలపెట్టబడినది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన పండ్రెండు పారిశ్రామిక నగరములలో జహీరాబా దొకటి. పొడుగాటి ట్రైలర్లు ఈ దారిన బారులు తీరును.

బరువును పట్టవలసిన చోటు నడిరోడ్డు గాదు, సరకు నింపిన గోదాము వాకిలి. అచ్చటి కాటా చీటి లేక బండి కదలరాదు. చీటి తప్పైనచో నింపించినవానిపై కేసు పెట్టవలెను. దారిలో ఆపినప్పుడు కొలిచిన పొడవును, తూచిన బరువును చలానులో అంకెలతో వ్రాసి డ్రైవరు చేతి కీయవలెను. నడచుచుండగనే బండిని తూచు యంత్రములకు 2021 నిబంధనలు చోటిచ్చినవి. సరిహద్దునొద్ద వానిని నెలకొల్పుటకు అడ్డేమి? కాగితములకై గంటలకొలది నిలుపుటకును కారణము లేదు, ఫోనులోని పత్రములు చెల్లునని 2018లోనే నిబంధన వచ్చినది.

వచ్చు చెఱకు కోతలలోపల జహీరాబాదునకును సరిహద్దునకును నడుమ, బండ్లు రోడ్డు దిగి నిలుచుటకు చాలినంత స్థలమును, దీపములను, కాటాను, దింపిన సరకునకు నీడను ఏర్పఱచి, తనిఖీ అచ్చటనే జరుగునట్లు రవాణాశాఖవారును సంగారెడ్డి జిల్లా కలెక్టరుగారును ఉత్తరువు చేయవలెనని కోరుచున్నాము.