జిల్లేడుకు చుట్టం

ఈ ఉగాది సంచిక మీ చేతికందేసరికి ఇక్కడ ఉత్తర అమెరికాలో మంచు కరిగి నేల మెత్తబడుతుంది. తెలుగు బడిలో చిన్నపిల్లలకు జంతువుల పాఠమంటే గోడ మీద పటం, అందులో ఏనుగు, సింహం, నెమలి. పేర్లు చకచకా అప్పజెప్పేస్తారు, మళ్లీ ఆదివారానికి మరిచిపోతారు. పటంలో ఏనుగు ఏమీ చేయదు కదా, ఇక దాని గురించి పిల్లలు చెప్పడానికేముంటుంది? ఈసారి పాఠాన్ని పెరట్లో మొదలుపెట్టమని తల్లిదండ్రులనూ గురువులనూ కోరుతున్నాం.

అందుకు మిల్క్‌వీడ్ మొక్క చాలు. ఆకు తుంచితే పాలు కారతాయి. ఇదీ మన జిల్లేడూ ఒకే కుటుంబం. మోనార్క్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది ఈ మొక్కల మీదే. దాని గొంగళిపురుగు ఇంకే ఆకూ తిని బతకలేదు. ఆ పాలలోని విషమే పురుగు ఒంట్లో చేరి పిట్టల నోటబడకుండా కాపాడుతుంది. మన ఊళ్లలో జిల్లేడు మీద పెరిగే నారింజరంగు సీతాకోకచిలుక మోనార్క్‌కు దగ్గరి బంధువే. రథసప్తమికి జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం చేసిన అమ్మమ్మో నానమ్మో ఈ వేసవికి మీ ఇంటికి వస్తుంటే, మనవరాలితో కలిసి ఆ మొక్క దగ్గర కూర్చోబెట్టండి. ఇద్దరికీ చెప్పుకోవడానికి బోలెడు ఉంటుంది.

గుడ్డు గుండుసూది తలంత. నాలుగైదు రోజుల్లో పొదుగుతుంది. పురుగు రెండు వారాలు ఆకులు తింటూ, నాలుగుసార్లు చర్మం విడిచి, తలకిందులుగా వేలాడి, బంగారు చుక్కలున్న ఆకుపచ్చ ప్యూపా అవుతుంది. గుడ్డు నుంచి సీతాకోకచిలుక దాకా మొత్తం నెలరోజుల కథ. "నిన్న ఇక్కడుంది, ఇవాళ పైకి పాకింది, ఆకంతా కొరికేసింది" అని పిల్ల తనంతట తనే వాక్యాలు కడుతుంది. పటం పేర్లు నేర్పగలదు గానీ ఈ వాక్యాలు పుట్టించలేదు. వేసవి చివర పుట్టిన తరం మెక్సికోలోని మిచోఆకాన్ కొండలకు ఎగిరిపోతుంది. అవి చలికాలం గడిపే ఆ అడవి జాడ శాస్త్రవేత్తలకు తెలిసింది 1975లో.

మీ ప్రాంతపు మిల్క్‌వీడ్ రకాన్నే నాటండి. పెరడు చిన్నదైతే స్వాంప్ మిల్క్‌వీడ్ మేలు, అది నలుదిక్కులా పాకదు. పురుగుమందు కొట్టని నారే కొనండి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు దగ్గరి పార్కులో వెతకవచ్చు. మిల్క్‌వీడ్ పాలు కంట్లో పడితే ప్రమాదం, ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. పురుగును మొక్క మీదే ఉండనివ్వండి, సీసాలో బంధించవద్దు.

చూసినదాన్ని పిల్లలు తెలుగులో రాసి పంపితే దసరా సంచికలో వేస్తాం. అక్షరదోషాలు మీరు దిద్దకండి, అలాగే పంపండి.