జమాఖర్చులు: అటక మీది చదరంగం బల్ల

పోయిన నెల ఓ సాయంత్రం బ్రాంచిలో కౌంటర్లు మూసి క్యాషు లెక్క చూసుకుంటుండగా, మా సహోద్యోగి ఒకాయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చేతిలో పర్సనల్ లోను దరఖాస్తు. కారణం రాయవలసిన చోట ‘కుమారుని చదరంగం శిక్షణ, విదేశీ పోటీల ప్రయాణం’ అని ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో పెళ్లికీ, ఇంటికీ, వైద్యానికీ అప్పు అడిగినవాళ్లను చూశాను గాని, ఏనుగులూ బంట్ల కోసం అడిగినవారు ఈయనే మొదటివారు.

“వాడికి పదకొండేళ్లు సార్. జిల్లా పోటీల్లో గెలుస్తున్నాడు. బడి మాన్పించి ఆట మీదే పెడదామని ఉంది. గుకేశ్ వాళ్ల నాన్నగారు చేసింది అదే కదా! మీరేమంటారు?” అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో చివర్లో మనవి చేస్తాను. ముందు లెక్క చూద్దాం.

దొమ్మరాజు గుకేశ్ సంగతి మన పాఠకులకు కొత్త కాదు. 2006 మే 29న చెన్నైలో పుట్టిన తెలుగింటి బిడ్డ. 2019 జనవరిలో, పన్నెండేళ్ల ఏడు నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 ఏప్రిల్‌లో టొరంటోలో కాండిడేట్స్ పోటీ గెలిచాడు. అదే ఏడాది డిసెంబరు 12న సింగపూర్‌లో చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ను ఏడున్నర – ఆరున్నర పాయింట్ల తేడాతో ఓడించి, పద్ధెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మొత్తం బహుమతి నిధి 25 లక్షల డాలర్లు. పేపర్లో ఆ అంకె చూడగానే మనలో చాలామందికి మన పిల్లవాడే గుర్తొచ్చి ఉంటాడు.

జమ వైపు ఇంత ఉంటే, ఖర్చు వైపు కూడా చూడాలి. ఆ అబ్బాయి తండ్రి చెవి, ముక్కు, గొంతు వైద్యులు. ప్రాక్టీసు పక్కనపెట్టి కొడుకు వెంట ఊరూరా, దేశదేశాలూ తిరిగారు. తల్లి మైక్రోబయాలజిస్టు. ఇల్లు ఆమె సంపాదన మీద నడిచింది. ఒక దశలో తల్లిదండ్రుల స్నేహితులే ప్రయాణ ఖర్చులకు ఆదుకున్నారు. నాలుగో తరగతి తర్వాత ఆ పిల్లవాడు అందరిలా రోజూ బడికి వెళ్లింది లేదు. ఇంత త్యాగం చేసినవాళ్లకు చేతులెత్తి నమస్కరించాలి. కానీ ఒక్క మాట గమనించండి. ఒకవేళ ఆట కలిసి రాకపోయినా డాక్టరుగారు మళ్లీ ప్రాక్టీసు మొదలుపెట్టగలరు. బ్యాంకు భాషలో చెప్పాలంటే, ఆ అప్పుకు హామీ ఉంది. నా ఎదుట నిలబడ్డ ఆయనకు ఉన్నది నెల జీతం ఒక్కటే.

పోనీ, గెలిచినవాడి దారైనా పూలబాటా అంటే, అదీ కాదు. పట్టం గెలిచిన మరుసటి నెలలోనే, నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ పోటీలో గుకేశ్ అగ్రస్థానం దాకా వెళ్లి, 2025 ఫిబ్రవరి మొదట్లో జరిగిన టైబ్రేకులో తన ఊరివాడే అయిన ప్రజ్ఞానందకు ఓడిపోయాడు. ఆ జూన్‌లో నార్వేలో సాక్షాత్తూ కార్ల్‌సన్‌నే ఓడించాడు. నవంబరులో గోవా ప్రపంచ కప్పులో మూడో రౌండులోనే ఇంటిముఖం పట్టాడు. మన వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగు అందుకున్నాడు. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అతనే. అయినా అదే గోవాలో క్వార్టర్ ఫైనల్లో ఓడి, 2026 కాండిడేట్స్ అవకాశం పోగొట్టుకున్నాడు. ఈ ఆటలో పేరు ఫిక్సెడ్ డిపాజిట్ కాదు, కరెంటు ఖాతా. రోజూ వేస్తూ ఉండాలి, రోజూ పోతూ ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. ఇది మా బ్రాంచిలో కొత్తగా చేరిన కుర్రవాడు అడిగాడు. “సార్, ఈ చాంపియన్లందర్నీ నా ఫోను ఓడిస్తుంది. ఇంకా ఈ పోటీలెందుకు?” ప్రశ్న సబబైనదే. 1997లోనే న్యూయార్కులో డీప్ బ్లూ అనే కంప్యూటరు కాస్పరోవ్‌ను ఓడించింది. 2022లో కార్ల్‌సన్ తన పట్టం నిలుపుకోవడానికి ఇక ఆడనని తానే తప్పుకున్నాడు. మరి ఏం మిగిలింది?

సింగపూర్‌లో చివరిదైన పద్నాలుగో ఆట గుర్తు చేసుకోండి. అప్పటికి ఇద్దరూ సమానం. ఆట డ్రా అవుతుందనే అందరూ అనుకున్నారు. డింగ్ 55వ ఎత్తులో ఏనుగును జరిపాడు. ఏనుగులు మారాయి, శకట్లు మారాయి. మిగిలినవి రాజులూ బంట్లూ. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. 58వ ఎత్తు తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఏనుగు జరపడం తప్పని కంప్యూటర్లకు క్షణంలో తెలిసింది. కానీ మూడు వారాల అలసట భుజాల మీద మోస్తూ, గంటల తరబడి ఆ బల్ల ముందు కూర్చున్నది యంత్రం కాదు. గెలిచాక వెక్కి వెక్కి ఏడ్చిందీ యంత్రం కాదు.

మా ఉద్యోగంలోనూ అంతే. వడ్డీ లెక్కలు ఇప్పుడు కంప్యూటరే వేస్తుంది, నాకంటే బాగా వేస్తుంది. అయినా లోను మంజూరు కాగితం మీద సంతకం నాదే. రేపు అది మొండి బాకీ అయితే అడిగేది నన్నే. చదరంగం పోటీలో కూడా ఆట ముగిశాక గెలిచినవాడూ, ఓడినవాడూ ఇద్దరూ స్కోరు కాగితం మీద సంతకం చేస్తారు. పదేళ్ల పిల్లవాడు తన ఓటమి కింద తానే సంతకం పెట్టి, ఎదుటివాడికి చేయి కలిపి బయటికి రావడం చిన్న చదువు కాదు. అమ్మ పక్కన లేదు, మాస్టారు పక్కన లేరు, తప్పు ఎవరి మీదా నెట్టడానికి లేదు. పోటీ చదరంగం విలువ నాకు అక్కడ కనిపిస్తుంది.

అన్నం పెడుతుందా అంటారా? రాయలవారితో చదరంగమాడి గెలిచేవాడని చాటువుల్లో పేరున్న బొడ్డుచర్ల తిమ్మనకు ఆదరించే రాజుండేవాడు. మన కాలంలో కోనేరు హంపిని ఓఎన్‌జీసీ ఉద్యోగమిచ్చి ఆదరించింది. ఆమె 2019లోనూ, ఐదేళ్ల తర్వాత 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. కానీ అందరూ హంపిలు కారు. అందుకే అన్నం కోసమే ఆడించవద్దని నా మనవి.

ఇప్పుడు నేనెందుకు తడబడ్డానో చెబుతాను. మా అబ్బాయి కూడా చిన్నప్పుడు బాగానే ఆడేవాడు. పదో తరగతికి రాగానే బల్లా పావులూ మూటగట్టి అటక మీద పెట్టించాను. “పరీక్షలయ్యాక దించుతానురా” అన్నాను. పదో తరగతి తర్వాత ప్లస్ టూ వచ్చింది, తర్వాత ఇంజనీరింగు వచ్చింది. మూట దిగలేదు. గుకేశ్ గెలిచిన సాయంత్రం వాడు బెంగుళూరు నుంచి ఫోను చేశాడు. “చూశావా నాన్నా, ఆ ఏనుగు ఎత్తు!” అంటూ చాలాసేపు మాట్లాడాడు. పెట్టేసేముందు, “మన బల్ల ఇంకా అటక మీదే ఉందా?” అని అడిగాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

మరునాడు సహోద్యోగితో ఇలా అన్నాను: “బడి మాన్పించకండి, అప్పు చేయకండి. సెలవు రోజుల్లో ఊళ్లో జరిగే ప్రతి పోటీకీ తీసుకెళ్లండి. మీ స్తోమతు దాటే స్థాయి వాడికి నిజంగా వస్తే, ఆ రోజు సాయం కోసం మనమందరం కలిసి తిరుగుదాం. కానీ పదో తరగతి వచ్చిందని మాత్రం ఆట ఆపించకండి.” ఆయన దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నారు. సంతోషించారో, చిన్నబుచ్చుకున్నారో తెలియలేదు.

ఆ ఆదివారం నిచ్చెన వేసి మూట దించాను. ఒక నల్ల బంటు కనిపించలేదు. చొక్కా గుండీ ఒకటి దాని స్థానంలో పెట్టి, సంక్రాంతికి రాబోయే మా అబ్బాయి కోసం బల్ల తుడిచి సిద్ధంగా ఉంచాను.

మీ ఇంటి అటక కూడా ఓసారి చూడండి.