మూత వేస్తే నిద్రపోయిందనుకున్నాము



ఈ నెల మేము ప్రస్తావించదలచిన విషయం చూడటానికి చిన్నదే. ల్యాప్‌టాప్‌లో విద్యుత్తును పొదుపు చేసే సెట్టింగులను గురించి నాలుగు మాటలు. అయితే ఇందులో మేము చేసిన తప్పు ఒకటి ఉన్నది గనుక ముందుగా దానినే విన్నవించుకుంటాము.

మా మదర్సా పెనుకొండ మండలంలోని ఎర్రమంచి దగ్గర ఉన్నది. 2019 నుండి కియా కార్లు తయారవుతున్న ఊరు అంటే పాఠకులు వెంటనే గుర్తుపడతారు. మా విద్యార్థుల తండ్రులలో పలువురు షిఫ్టులలో పనిచేసేవారే. కార్యాలయ అవసరాల కోసం ఒక దాత తాను వాడిన ల్యాప్‌టాప్‌ను మాకు ఇచ్చారు. హాజరు పట్టికలు, చందాల లెక్కలు, పరీక్షల ప్రశ్నపత్రాలు, అన్నీ అందులోనే.

గత వార్షిక పరీక్షలకు ముందు, ఒక రాత్రి ఇషా నమాజు తరువాత కూర్చుండి ఫిఖ్‌హ్ ప్రశ్నపత్రం టైపు చేశాము. ఆలస్యమైనందున దానిని భద్రపరచకుండానే మూత వేసి, సంచిలో పెట్టి ఇంటికి వెళ్లాము. మరునాడు ఫజ్ర్ తరువాత తీస్తే తెర వెలగలేదు. ఆ వేళ కరెంటు లేదు. కరెంటు వచ్చాక చూస్తే ప్రశ్నపత్రంలో చివరి రెండు పుటలు కనిపించలేదు.

కార్యాలయం తాళంచెవి ఉండేది ఒక్క పెద్ద విద్యార్థి వద్ద. గది ఊడ్చి, సర్దేది అతడే. రాత్రి బ్యాటరీ నిండుగా ఉన్న యంత్రం ఉదయానికి ఎలా ఖాళీ అయింది? మా మనసు వెంటనే అతని మీదికి పోయింది. తరగతి మొత్తం ఎదుట, "రాత్రంతా వీడియోలు చూశావా?" అని అడిగాము. "లేదు హజ్రత్, నేను సంచి కూడా ముట్టలేదు" అన్నాడు. మేము నమ్మలేదు. తాళంచెవి తిరిగి తీసుకున్నాము.

ఆ శుక్రవారం జుమా తరువాత మా పూర్వ విద్యార్థి ఒకడు కలవడానికి వచ్చాడు. హిందూపురంలో కంప్యూటర్ల మరమ్మతు అతని వృత్తి. సంగతి విని, "హజ్రత్, మూత వేస్తే ఇది ఏమి చేయాలని పెట్టుకున్నారు?" అని అడిగాడు. "మూత వేస్తే నిద్రపోతుంది కదా బేటా!" అన్నాము. అతడు ఒక ఖిరాఅత్ రికార్డింగు పెట్టి మూత వేశాడు. ఖారీ గొంతు ఆగకుండా వినిపిస్తూనే ఉన్నది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. రమజాను మాసంలో పిల్లలకు ఖిరాఅత్ వినిపించడానికి, మూత వేసినా స్పీకరు ఆగకూడదని, మేమే రెండు సెట్టింగులు మార్చుకున్నాము. మూత వేస్తే 'ఏమీ చేయవద్దు' అన్నది ఒకటి; నిద్ర 'ఎన్నడూ వద్దు' అన్నది రెండవది. పని ముగిసింది, సెట్టింగులు మిగిలిపోయాయి. ఆ రాత్రి యంత్రం సంచిలోనే మేలుకొని ఉండి, బ్యాటరీని పూర్తిగా తినివేసింది.

కంప్యూటరు తనంతట తాను పొదుపు చేయదు. ఎవరో ఒకరు దానికి చెప్పి ఉండాలి. అమెరికా పర్యావరణ సంస్థ 1992లో 'ఎనర్జీ స్టార్' ముద్రను ప్రవేశపెట్టినప్పుడు మొదట దానిని పొందిన వస్తువులు కంప్యూటర్లు, మానిటర్లే. వాడనివేళ కూడా అవి వెలుగుతూనే ఉండటమే అందుకు కారణం. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి రూపొందించిన 'ఏసీపీఐ' అనే ప్రమాణం వల్ల, ఎప్పుడు నిద్రపోవాలో నిర్ణయించే అధికారం విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థ చేతికి వచ్చింది. ఆ వ్యవస్థ మనం పెట్టిన సెట్టింగునే పాటిస్తుంది. మనం మరచిపోయినా అది మరవదు.

ఇక ఇంటిలో చేయవలసిన పనులు. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్, అందులో 'పవర్ అండ్ బ్యాటరీ' చూడండి. తెర ఎన్ని నిమిషాలకు ఆరాలి, యంత్రం ఎన్ని నిమిషాలకు నిద్రపోవాలి అన్నవి అక్కడ ఉంటాయి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు తెరకు ఐదు నిమిషాలు, నిద్రకు పది నిమిషాలు చాలు. మూత సంగతి కంట్రోల్ ప్యానెల్‌లోని 'పవర్ ఆప్షన్స్'లో వేరుగా ఉంటుంది. బ్యాటరీ మీద ఉన్నప్పటికి ఒకటి, ప్లగ్గులో ఉన్నప్పటికి ఒకటి, రెండు గడులు. రెంటినీ చూడాలి.

మూడు మాటల భేదం తెలిస్తే సగం చిక్కు తీరుతుంది. 'స్లీప్' అంటే కునుకు: పని జ్ఞాపకంలో నిలిచి ఉంటుంది, కొద్దికొద్దిగా కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. 'హైబర్నేట్' అంటే పనినంతా డిస్కు మీద వ్రాసిపెట్టి ఆగిపోవడం: ఖర్చు దాదాపు శూన్యం, తెరిస్తే పని యథాతథంగా దొరుకుతుంది. 'షట్‌డౌన్' అంటే తెరచిన పనులన్నీ మూసివేసి ఆగిపోవడం. నమాజుకు లేచినప్పుడు స్లీప్ చాలు. సంచిలో పెట్టి ప్రయాణమైతే, రాత్రి పడుకోబోతే హైబర్నేట్ లేదా షట్‌డౌన్ మేలు. ఏది చేసినా ముందు పనిని భద్రపరచాలి.

తేలికైన పనులలో ఎక్కువ కరెంటు తినేది సాధారణంగా తెర. వెలుగు తగ్గించడమే అన్నిటికంటే సులభమైన పొదుపు. కదిలే బొమ్మల స్క్రీన్‌సేవర్ పొదుపు కాదు. అది పాతకాలపు గాజు మానిటర్ల తెర పాడవకుండా పుట్టినది. నల్లని నేపథ్యం పెట్టుకుంటే లాభమన్న మాట ఓఎల్‌ఈడీ తెరలకే వర్తిస్తుంది. సాధారణ ఎల్‌సీడీ తెరలో వెనుక దీపం ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది.

దీనివల్ల కరెంటు బిల్లు బాగా తగ్గుతుందని మాత్రం మేము చెప్పము. 50 వాట్-అవర్ల బ్యాటరీని ఒక యూనిట్ కరెంటుతో పదిహేనుసార్లకు పైగా నింపవచ్చు. ఖాళీ గదిలో 75 వాట్ల పాత ఫ్యాను రాత్రి పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్ పోతుంది. వుజూ చేసేటప్పుడు కుళాయి కట్టివేయమని పిల్లలకు చెప్పే మనం, దుబారా నిజంగా ఎక్కడ జరుగుతున్నదో కూడా చూపించాలి. బిల్లు కోసమైతే ముందు ఫ్యాను స్విచ్ వద్దకు వెళ్లండి.

మరి ల్యాప్‌టాప్‌లో కాపాడుకోవలసినది ఏమిటి? బ్యాటరీ ఆయుష్షు, కరెంటు పోయిన వేళ పిల్లల చదువు. ఇందులో ఉండేది లిథియం-అయాన్ బ్యాటరీ. దానిని రూపొందించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. విద్యుత్ కార్లలో ఉండేదీ ఆ జాతి బ్యాటరీయే. దానికి రెండు కీడులు: వేడి, ఎల్లప్పుడూ నూటికి నూరు నిండి ఉండటం. మన ప్రాంతపు వేసవిలో రేకుల గదిలో, పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడవద్దు. గాలి పోయే దారులు మూసుకుపోతాయి. రోజంతా ప్లగ్గులోనే ఉంచి వాడేవారు, తమ కంపెనీ ఇచ్చే 80 శాతం పరిమితి సెట్టింగు ఉంటే దానిని పెట్టుకోవాలి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే వాడకం ఆపి మరమ్మతుదారుకు చూపించాలి. దానిని పొడవడం, నొక్కడం అపాయం.

పాత యంత్రం కొనేవారు బ్యాటరీ స్థితి తెలుసుకోవడానికి, కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్' అని ఆంగ్ల అక్షరాలలో టైపు చేస్తే ఒక నివేదిక వస్తుంది. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండగల సామర్థ్యం రెండూ అందులో ఉంటాయి. మా యంత్రానికి రెండవ అంకె మొదటి దానిలో సగం కూడా లేదు. అలా అరిగిన బ్యాటరీ మిగిలిన శాతాన్ని సరిగా చూపలేదు; పనిని భద్రపరచుకునే వ్యవధి యంత్రానికి ఇవ్వకుండానే హఠాత్తుగా ఆగిపోతుంది. మా రెండు పుటలు అలాగే పోయి ఉంటాయని ఆ పూర్వ విద్యార్థి చెప్పాడు.

శనివారం ఉదయం అదే తరగతిలో, అదే పిల్లల ఎదుట ఆ విద్యార్థిని పిలిచాము. యంత్రంలో ఖిరాఅత్ పెట్టి, మూత వేసి, అందరికీ వినిపించాము. "తప్పు మాది బేటా. విచారించకుండా నిన్ను అనుమానించాము, మమ్మల్ని క్షమించు" అని తాళంచెవి అతని చేతిలో పెట్టాము. అతడు తల వంచుకొని, "పరవాలేదు హజ్రత్" అన్నాడు. మా వద్ద ఇరవై రోజుల పాఠంలో బద్‌గుమానీ ఎంత చెడ్డదో విన్న పిల్లలు, ఆ రోజు దానిని మాలోనే చూశారు.

ఈ రాత్రి మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో ఏదైనా రికార్డింగు పెట్టి మూత వేసి చూడండి. శబ్దం ఆగకపోతే సెట్టింగు సరిచేయండి. ఉదయం బ్యాటరీ ఖాళీగా కనిపిస్తే బిడ్డను అడిగే ముందు పవర్ ఆప్షన్స్ ఒకసారి తెరవండి. వస్సలామ్.