రశీదు ముద్రింపని యంత్రము: సంఘముల విధి

పంట ఋణపు వాయిదా చెల్లించియు, రశీదు లేక వట్టి చేతులతో ఇంటికి మరలు సభ్యుని గూర్చి యీ మాసమున వ్రాయదలచితిమి. "ప్రింటరు పనిచేయుట లేదు, రేపు రండు" అను మాట సంఘ కార్యాలయములలో మిక్కిలి తరచుగా వినబడుచున్నది. ఈ మాట పలుకు గుమాస్తాను మేము నిందింపము. యంత్రము నిచ్చినవారు దాని మర్మము నాతనికి చెప్పి యుండలేదు. అయినను ఆ మర్మము మిక్కిలి స్వల్పమైనదనియు, దానిని పట్టణమునుండి వచ్చు మరమ్మతువానికి విడిచిపెట్టక సంఘమే నేర్చి యుంచుకొనవలయుననియు మా యభిప్రాయము.

2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరులతో నడుపుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. ఇది మేలైన కార్యమే. చిట్టాయు, ఆవర్జాయు యంత్రములోనికి పోయినచో దిద్దుటకును, కొట్టివేయుటకును వీలు తగ్గును. కాని రైతునకు యంత్రములోని యంకె కనబడదు. అతనికి కనబడునది చేతిలోని రశీదు మాత్రమే.

ఆ రశీదు విలువ యెంత? 3 లక్షల రూపాయల వరకు గల పంట ఋణముపై నూటికి ఏడాదికి 7 రూపాయల వడ్డీ యనియు, గడువులోపల చెల్లించినవారికి 3 రూపాయలు తగ్గి 4 రూపాయలే పడుననియు కేంద్ర ప్రభుత్వపు రాయితీ నిబంధన. అనగా లక్ష రూపాయలు తీసికొన్న రైతునకు, ఏడాది లెక్కన, గడువు తప్పుటవలన కలుగు నష్టము 3,000 రూపాయలు. గడువునాడే చెల్లించితినని సభ్యుడును, మరునాడు గాని ఖాతాకు చేరలేదని సంఘమును వాదించుకొను సమయమున తేదీ గల రశీదు తప్ప వేరు సాక్షి యెవరు? కావున ప్రింటరు నిలిచిపోవుట గుమాస్తా బల్లమీది చిన్న చిక్కని తలంపరాదు.

పాసుపుస్తకములు ముద్రించు యంత్రములలోను, చుక్కల ప్రింటరులలోను, లారీలు తూచు కాటాపెట్టెలలోను నేటికిని సీరియల్ తీగ కనబడుచున్నది. సీరియల్ అనగా ఒకదాని వెంట నొకటిగా వరుసను పోవునది. కంప్యూటరు పలుకు ప్రతి యక్షరమును కొన్ని చిన్న చిన్న సంజ్ఞలుగా విడగొట్టి యొకే తీగపై నొకదాని వెనుక నొకటి పంపును. 1960వ సంవత్సరమున అమెరికాలో ఏర్పడిన ఆర్.ఎస్. 232 అను కట్టుబాటు దీనికి మూలము. ఇది ముసలిదని కొందరు పరిహసింతురు. మంచి ఎద్దునకు వయస్సు దోషము కాదు. దీని నిబంధనలు మాత్రము ఖండితములు. ఒక్కటి తప్పినను పని జరుగదు.

యంత్రము మూగపోయినపుడు మొదట తేల్చవలసినది దోషము ప్రింటరుదా, తీగదా, కంప్యూటరుదా యనునది. బోరునందు నీరు రానపుడు మోటారునంతయు పైకి లాగుటకు ముందు విద్యుత్తు వచ్చుచున్నదో లేదో చూడమా? అట్లే పెక్కు చుక్కల ప్రింటరులలో కాగితము పెట్టి, లైన్ ఫీడు అను మీటను నొక్కి పట్టుకొని విద్యుత్తు నిచ్చినచో, ఆ ప్రింటరు కంప్యూటరు ప్రమేయము లేకయే తనంతట తాను వరుసలను ముద్రించును. అట్లు ముద్రించినదా, దాని తలయు, రిబ్బనును, కాగితమును చక్కగానే యున్నవి. ఇక దోషము తీగలోగాని, ఏర్పాటులోగాని యుండవలెను. ఈ పరీక్షకు అర నిమిషము చాలును. దీనిని చేయకయే క్రొత్త ప్రింటరుకై తీర్మానము వ్రాయుట సంఘపు సొమ్మును నీటిపాలు చేయుటయే.

తరువాత తీగ. కంప్యూటరును, ప్రింటరును సాధారణముగా ఒకే జాతికి చెందినవి. రెండును తామే మాటలాడు పక్షమనుకొనును. కావున తిన్నని తీగ వేసినచో ఇరువురును ఒకే దారిపై పలుకుచు ఒకే దారిపై చెవి యొగ్గుదురు; ఒకని మాట మరియొకనికి వినబడదు. ఒకని నోరు మరియొకని చెవికి చేరునట్లు మార్చి కట్టిన తీగ కావలయును. ఇచట నొక చిక్కు కలదు. కంప్యూటరు వెనుకనుండు 9 పిన్నుల కొసలో 3వ పిన్ను పలుకునది, 2వది వినునది, 5వది రెంటికిని ఉమ్మడియైనది. ప్రింటరు వెనుకనుండు 25 పిన్నుల కొసలో 2వది పలుకునది, 3వది వినునది, 7వది ఉమ్మడిది. చూపునకు రెండు తీగలొకటే. లోపలి కట్టు వేరు. అంగడిలో "సీరియల్ తీగ" యని యడిగిన చాలదు, ప్రింటరు తీగ యని తెలిపి తెచ్చుకొనవలెను. మోటారులు బాగుచేయువాని యొద్దనుండు మీటరుతో కంప్యూటరు కొసలోని 3, 5 పిన్నుల నడుమ కొలిచినచో, ఏమియు పంపని వేళ 3 మొదలు 15 వోల్టుల వరకు ఋణ విద్యుత్తు కనబడవలెను. కనబడినచో ఆ రంధ్రమునందు ప్రాణము కలదు.

ముద్రణ వచ్చుచున్నదిగాని అర్థములేని గుర్తులు పడుచున్నవన్నచో తీగ మంచిదే, వేగము కుదరలేదు. ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు రోకటిపోటు వేయునపుడు తాళము తప్పినచో రోకళ్లు ఢీకొనును గదా. కంప్యూటరు సెకనుకు 9600 సంజ్ఞల వేగమున పంపుచుండగా ప్రింటరు 4800 వేగమున విన్నచో బాబెలు గోపురము కట్టినవారి గతియే పట్టును. వేగమేకాక, అక్షరమునకు సంజ్ఞలు 7 గాని 8 గాని, సరిచూచు సంజ్ఞ కలదు గాని లేదు గాని, ముగింపు సంజ్ఞలు 1 గాని 2 గాని, ఈ నాలుగును రెండువైపుల నొక్కటిగా నుండవలెను. మిక్కిలి వాడుకలోనున్న యేర్పాటు 9600, 8, సరిచూచు సంజ్ఞ లేదు, 1 అనునది. ప్రింటరువైపు ఈ యేర్పాటు కొన్నింట చిన్న మీటలచేతను, కొన్నింట బొత్తాములచేతను మార్చబడును. మీటలను విద్యుత్తు ఆపి మార్చి మరల ఇచ్చినగాని పెక్కు యంత్రములు క్రొత్త యేర్పాటును గ్రహింపవు. అనేకు లిచటనే మోసపోవుదురు.

మొదటి కొన్ని వరుసలు చక్కగా పడి, పిమ్మట నడుమ నడుమ వరుసలు మాయమగుట మరియొక రోగము. రైతులకు దీనిని బోధించుట మిక్కిలి సులభము. 9600 వేగమున సెకనుకు 960 అక్షరములు వచ్చిపడును. పెక్కు చుక్కల ప్రింటరులు సెకనుకు రెండు మూడు వందల కంటె కొట్టజాలవు. మిగిలినవి ప్రింటరులోని చిన్న మడిలో నిలుచును. మడి నిండగనే మడవ కట్టవలెను. కట్టనిచో నీరు గట్టు దాటి పోవును. "చాలు, ఆగుము" అని ప్రింటరు కంప్యూటరునకు చెప్పుటకు రెండు మార్గములు కలవు. ఒకటి ప్రత్యేకమైన తీగ. 25 పిన్నుల కొసలోని 20వ దానినుండి కంప్యూటరు కొసలోని 8వ దానికి గాని 6వ దానికి గాని వచ్చునది. రెండవది ప్రింటరు వెనుకకు పలుకు ఆగుము, సాగుము అను రెండు గుర్తులు. ప్రింటరు ఒక మార్గమునను, కంప్యూటరు వేరొక మార్గమునను ఎదురు చూచుచున్నచో మడవ కట్టువాడే లేడు. మూడు తీగలు మాత్రమే గల చవుక తీగ కొన్న సంఘములలో చిన్న రశీదులు చక్కగా వచ్చుటయు, పెద్ద జాబితాలు చెడుటయు దీనివలననే.

తెలుగు ముద్రణకు సంబంధించిన చిక్కును గూర్చి వేరుగా చెప్పవలసి యున్నది. మన సభ్యులకు తెలుగు రశీదు కావలయును, అది వారి హక్కు. సాధారణముగా ఈ ప్రింటరులలో ఇంగ్లీషు అక్షరముల రూపములు మాత్రమే నిక్షిప్తమై యుండును. తెలుగును కంప్యూటరు బొమ్మగా గీసి చుక్క చుక్కగా పంపవలెను. 80 ఇంగ్లీషు అక్షరముల వరుస 9600 వేగమున సెకనులో పండ్రెండవ వంతులో చేరును. 8 అంగుళముల తెలుగు వరుసకు, అంగుళమునకు 120 చుక్కల చొప్పున, తల ఒక్కసారి పోవుటకే 960 గుర్తులు, అనగా ఒక సెకను. గుడియు, వత్తును గల మన లిపికి తల రెండు మూడు మారులు పోవలెను. ఇరువది వరుసల రశీదునకు ఇంచుమించు నిమిషము పట్టును. ఇది యంత్రదోషము కాదు; ప్రింటరు అంగీకరించినచో 19200 వేగమునకు రెండువైపుల మార్చిన సగము కాలము మిగులును. ఇంగ్లీషు సరిగా పడి తెలుగు మాత్రము విరిగి, నడుమ వింత గుర్తులు వచ్చుచున్నచో అక్షరమునకు 7 సంజ్ఞల యేర్పాటున్నదేమో చూడుడు. ఇంగ్లీషునకు 7 చాలును, బొమ్మకు 8 కావలెను. ఈ సంగతి తెలియక "తెలుగు రాదు" అని ఇంగ్లీషు రశీదులిచ్చుట మాకు సమ్మతము కాదు.

మేమెరిగిన యొక సంఘమున ధాన్యపు కొనుగోలు దినములలో జరిగినది చెప్పెదము. తనిఖీకై గది యూడ్చి బల్లలు జరిపిరి. నేటి కంప్యూటరులలో పెక్కింటికి సీరియల్ రంధ్రము లేదు గనుక నడుమ యు.ఎస్.బి. మార్పిడి తీగ యుండును. దానిని మరల తగిలించునపుడు ప్రక్క రంధ్రమున తగిలించిరి. కంప్యూటరు దానికి కామ్ 3 అను పేరు మార్చి కామ్ 5 అని పెట్టెను. రశీదులు మాత్రము కామ్ 3 నకే పోవుచుండెను. మూడు దినములు విడి కాగితములపై చీటీలు వ్రాసి యిచ్చిరి. ఒక సభ్యుని చీటీ చొక్కాజేబులో ఉతుకునకు పోయి ముద్దయైనది. ఎన్ని బస్తాలో, తేమ యెంతో తేలక పెద్ద రచ్చ జరిగెను. పట్టణమునుండి వచ్చిన మరమ్మతువాడు లోపలి పలక పోయినదని చెప్పి క్రొత్తదాని వెల వ్రాసి యిచ్చెను. తీర్మానము సిద్ధమగుచుండగా సెలవులకు వచ్చిన యొక సభ్యుని కుమార్తె తీగను పూర్వపు రంధ్రమునకు మార్చెను. ప్రింటరు వెంటనే కదలి, మూడు దినములుగా వరుసలో నిలిచిన రశీదులన్నిటిని కక్కెను. చీటీ పొందిన వారికే మరల రశీదులు! వానిని రద్దుచేయుట మరియొక పని యయ్యెను. కావున పరీక్షకు ముందు నిలిచియున్న ముద్రణలను జాబితా వ్రాసికొని తొలగింపవలయును.

"ఈ తంటా యేల, సీరియల్ ను పారవైచి క్రొత్తరకపు ప్రింటరు కొనరాదా?" అని పాలకవర్గ సభ్యులు కొందరు మమ్ముల నడిగిరి. పాతది నిజముగా అరిగినపుడు తప్పక కొనవలయును, మేమడ్డుచెప్పము. కాని కాటాపెట్టె ఇంకను సీరియల్ తీగతోనే యున్నచో అచటి చిక్కు అట్లే నిలుచును. అదియునుగాక, క్రొత్త యంత్రమునకు క్రొత్త యేర్పాట్లుండును. వానినైనను ఎవరో యొకరు నేర్వవలసినదే. నేర్చుట తప్పించు యంత్రమును మేమింతవరకు చూడలేదు. "గుమాస్తా మరమ్మతువాడు కాడు" అను వాదము మరియొకటి. నిజమే. గ్యారంటీ గల యంత్రమును విప్పుమని మేము చెప్పుట లేదు. మేము చెప్పిన వానిలో నొక్కదానికైనను ప్రింటరు మూత తీయ నక్కరలేదు.

కావున ఖరీఫు ఋణములు మొదలగుటకు ముందే ప్రతి సంఘమును చేయవలసినది కలదు. యంత్రము చక్కగా పనిచేయుచున్న దినముననే దాని వేగము, సంజ్ఞల సంఖ్య, మడవ కట్టు మార్గము, కామ్ సంఖ్య, తీగ తగిలించిన రంధ్రము, ఇవి తెలుగులో వ్రాసి ప్రింటరు ప్రక్క గోడకు అంటింపవలెను. చెడిన తరువాత వ్రాయుటకేమియు మిగులదు. పనిచేయుచున్న తీగవంటిదే మరియొకటి పెట్టెలో నుండవలెను. వరుస సంఖ్యలు వేసి కుట్టిన రశీదు పుస్తకము, నకలు కాగితముతో, ఎల్లప్పుడు బల్లపై నుండవలెను. ప్రింటరు నిలిచిన మరుక్షణము అందుండి రశీదు పోవలెనేగాని విడి కాగితము పోరాదు. సభ్యులును రశీదు చేతబడనిదే సొమ్ము విడువరాదు. అట్లడుగుట అవమర్యాద కాదు, సంఘము వారిది.

వానకాలము వచ్చుచున్నది గనుక మరియొక మాట. ప్రింటరునకు ఒక గదిలోను, కంప్యూటరునకు మరియొక గదిలోను విద్యుత్తు నిచ్చి, ఎర్తు సరిగా లేనిచో, ఆ తేడా యంతయు ఈ సన్నని తీగగుండ పారును. రెంటికిని ఒకే చోటినుండి విద్యుత్తు నిచ్చి, మోటారునకు చేయునట్లే ఎర్తు గోతిని తడిపి యుంచవలెను. ఉరుములు వినబడగానే తీగ కొసలు రెండును విప్పవలెను. మరల తగిలించునపుడు రెండు యంత్రములును ఆపియుండవలెను.