ఇంటి మాట: ఒకే బాణీ, రెండు నుడులు

మన తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఒక ముచ్చట తరచు వినబడుతూ వుంటుంది. వంటయింట్లో పని చేసుకుంటూ ఒకరు పాత సినిమాపాట కూనిరాగం తీస్తారు. పల్లవి తెలుగు, చరణం తమిళం! ఎందుకమ్మా అలా కలిపేశారని అడిగితే, "రెండూ ఒకటే గదా" అంటారు. మనం నవ్వి వూరుకుంటాము. కాని కొంచెం ఆలోచిస్తే ఆ మాటలో నవ్వవలసిందేమీ లేదనిపిస్తుంది. నిజంగానే రెండూ ఒకటి. రెంటికీ బాణీ కట్టిన చేయి ఒకటే, పాడిన గొంతు ఒకటే. ఆ చేయి, ఆ గొంతు మన పక్కనుంచి వచ్చినవే. అది మన పిల్లలకు తెలియదు. పెద్దలలో తెలిసినవారు తగ్గిపోతున్నారు. అందుచేత ఈ మాసం ఈ శీర్షికను శ్రీ ఏ. ఎం. రాజా గారికి కేటాయిస్తున్నాము.

రాజాగారు 1929లో చిత్తూరు జిల్లా రామాపురంలో జన్మించారు. అప్పటికి మన తిరుత్తణి కూడా ఆ జిల్లాలోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిననాటినుండి 1960 దాకా తిరుత్తణి ఆ జిల్లాలోనే వున్నది. పుట్టిన మూడు నెలలకే ఆయన తండ్రిగారు గతించారు. ఆరణిలో చదువు సాగింది. తరువాత మదరాసు పచ్చయప్ప కళాశాలలో చేరి 1951లో బి. ఏ. పుచ్చుకున్నారు. కళాశాల రోజులలోనే ఆయన పాట గ్రామఫోను రికార్డు కంపెనీవారి చెవిన పడింది. హెచ్. ఎం. వి. వారు ఆయనచేత తెలుగు పాటలు పాడించారు. అప్పుడు వాద్యబృందాన్ని నడిపినవారు శ్రీ కె. వి. మహదేవన్ గారు. ఆ మహదేవన్ గారే తరువాత ఎంత పెద్ద సంగీత దర్శకులైనారో పాఠకులకు చెప్పనక్కరలేదు.

సంగీతం మా ప్రాంతానికి సినిమాలతో వచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తిరుత్తణి చాలాకాలం కార్వేటినగరం జమీనులోనిది. ఆ సంస్థానంలోనే సారంగపాణి వేణుగోపాలునిపై తెలుగు పదాలు చెప్పాడు. గోవిందసామయ్య వర్ణాలు కూడా అక్కడివే. ఇక ముత్తుస్వామి దీక్షితులవారు తమ మొదటి కృతిని తిరుత్తణి కొండమీదనే రచించారని సంగీతజ్ఞులు చెబుతారు. స్వామి ముదుసలి రూపంలో వచ్చి ఆయన నోట కలకండ వేశాడని కథ. 365 మెట్లున్న ఆ కొండ పాటకు కొత్తది కాదు. రాజాగారికి ఆ సంప్రదాయాన్ని అంటగట్టాలని మా ఉద్దేశం కాదు. ఆయనది మరొక దారి. తెలుగువాడు తమిళదేశంలో పాట కట్టడం ఈ సీమలో ఆనవాయితీ అని గుర్తుచేయడమే మా ఉద్దేశం.

గాయకుడుగా రాజాగారి పేరు త్వరగానే పైకి వచ్చింది. 1953లో 'పక్కింటి అమ్మాయి' చిత్రంలో పాడడమేగాక నటించారు కూడా. 1954లో 'విప్రనారాయణ'లో శ్రీ అక్కినేని నాగేశ్వరరావు గారికి పాడారు. 1955లో 'మిస్సమ్మ' వచ్చింది. సంగీతం శ్రీ సాలూరి రాజేశ్వరరావు గారిది. తెలుగులో శ్రీ ఎన్. టి. రామారావు గారికి, తమిళంలో శ్రీ జెమినీ గణేశన్ గారికి, ఇద్దరికీ పాడింది రాజాగారే. చందమామను పిలిచే ఆ యుగళగీతాన్ని శ్రీమతి పి. లీలగారితో కలిసి రెండు భాషలలోనూ ఆయనే పాడారు. తెలుగు వినేవారు ఈయన తెలుగువాడనుకున్నారు, తమిళం వినేవారు తమిళుడనుకున్నారు. ఇంతకంటె ఒక గాయకునికి కావలసిన మెప్పేముంటుంది?

ఆయన గొంతు పెద్దది కాదు. గదిలో కూర్చుని ఎదుటివారితో మాట్లాడుతున్నట్టు వుంటుంది. రంగస్థలం మీద, మైకు లేని రోజులలో, వెనుక వరుసవానికి వినబడాలని గట్టిగా పాడేవారు. మైకు వచ్చాక ఆ అవసరం తీరింది. మెల్లగా పలికినా అందరికీ అందుతుంది. ఆ సంగతిని ముందుగా గ్రహించిన కొద్దిమందిలో రాజాగారొకరు. గమకాలు తక్కువ, మాట స్పష్టం, శ్వాస పొదుపు.

ఇక సంగీత దర్శకత్వం. 1958లో 'శోభ' అనే తెలుగు చిత్రానికి ఆయన మొదటిసారి బాణీలు కట్టారు. మరుసటి యేడు, 1959లో, శ్రీధర్ గారు తొలిసారి దర్శకత్వం వహించిన తమిళచిత్రం 'కల్యాణ పరిసు' వచ్చింది. ఆ చిత్రంతో రాజాగారి పేరు తమిళదేశంలో ప్రతి వీథిలోనూ మారుమోగింది. పాటలు వ్రాసిన కవి పట్టుక్కోట్టై కల్యాణసుందరంగారు. పాపం, ఆయన ఆ యేడే, ఇరవైతొమ్మిదేళ్ల వయస్సులో కన్నుమూశారు.

సంగీత దర్శకుని పని యేమిటో మన యిళ్లలో చాలామందికి స్పష్టంగా తెలియదు. బాణీ కట్టడంతో పని ముగిసిందనుకుంటాము. అది సగమే. హార్మోనియం ముందు పల్లవికి వరుస దొరికిన తరువాత, ఏ వాద్యం ఎక్కడ మొదలుపెట్టాలి, పల్లవికీ చరణానికీ నడుమ ఏమి మ్రోగాలి, గాయకుడు పాడుతుంటే వెనుక వయొలిన్లు మౌనంగా వుండాలా, తోడు రావాలా, ఇదంతా కూర్చాలి. దీనిని ఆనాడు వాద్యగోష్ఠి నిర్వహణ అనేవారు. సంగీత దర్శకుని పక్కన సహాయకులు కూర్చుని ఒక్కొక్క వాద్యానికి స్వరాలు వేరువేరుగా వ్రాసియిచ్చేవారు. వారిలో చాలామంది పేర్లు తెరమీద కనిపించవు. పైగా ఆ రోజులలో గాయకులు, వాద్యకారులు అందరూ ఒకేచోట చేరి ఒకేసారి రికార్డు చేయవలసివచ్చేది. చివరి చరణంలో ఒక్క వయొలిన్ తప్పితే మొత్తం పాట మళ్లీ మొదటినుంచి. ఇప్పుడైతే తప్పిన ముక్కను మాత్రం తీసి అతికిస్తున్నారు. అప్పుడు అతుకు లేదు.

'కల్యాణ పరిసు'లో ఆయన చేసిన ఒక పని చూడండి. దీపావళి సందర్భంలో శ్రీమతి పి. సుశీలగారు పాడే ఒక సంతోషగీతం వున్నది. తరువాత అదే బాణీని నాయకుని దుఃఖానికి రాజాగారే పాడారు. వరుస అదే, నడక మార్చారు, వాద్యాలు తగ్గించారు, గొంతు దించారు. మొదటిదానికి మతాబు వెలుగు, రెండవదానికి ఆ మతాబు ఆరిన తరువాతి పొగ. సంతోషానికీ దుఃఖానికీ స్వరాలు వేరు కానక్కరలేదని, కూర్పులోనే తేడా వున్నదని చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం మాకు తోచదు. సంగీతం నేర్చుకునే పిల్లలు ఆ రెండింటినీ వరుసగా విని చూడాలి.

ఇక మన విషయానికి వస్తాము. 1960లో ఆ చిత్రాన్నే శ్రీధర్ గారు తెలుగులో 'పెళ్లి కానుక'గా తీశారు. అక్కినేని, సరోజాదేవి, కృష్ణకుమారి నటించారు. సంగీతం రాజాగారే. సైకిళ్లమీద పోతూ నాయికానాయకులు పాడుకునే పాట రెండు చిత్రాలలోనూ వున్నది. తమిళపాట 'వాడిక్కై' అనే మాటతో మొదలవుతుంది. తెలుగుపాట 'వాడుక' అని మొదలవుతుంది. రెంటికీ అర్థం అలవాటే. రెండవ మాట కూడా రెండు భాషలలోనూ మరపుకు చెందినదే. ఒకే ధాతువునుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు ఒకే బాణీలో ఇమిడిపోయారు.

ఇమిడిపోవడం అనినంత సులభమేమీ కాదు. వ్రాతలో మాత్రలు లెక్కించండి. 'వాడిక్కై' ఆరు మాత్రలు, 'వాడుక' నాలుగే. తక్కువైన రెండు మాత్రలూ గాయకుడు సాగదీయాలి, లేదా తరువాతి మాట ముందుకు జరగాలి. తమిళంలో మాటలు తరచు హల్లుతో ముగుస్తాయి. స్వరాన్ని అక్కడ టక్కున ఆపవచ్చు. తెలుగు అజంతభాష. మాట చివర అచ్చు వున్నదంటే దానిని ఎక్కడో ఒకచోట దింపాలి గదా! తమిళ బాణీకి తెలుగు మాట కూర్చిన పాటలు అనేకం కృత్రిమంగా వినబడడానికి కారణం ఇదే. 'పెళ్లి కానుక' పాటలు అలా వినబడవు. రెండు భాషలూ నోట పండినవాడు బాణీ కట్టడమే, రెండు భాషలలోనూ తానే పాడడమే అందుకు కారణమని మా అభిప్రాయం.

ఆ 1960వ సంవత్సరమే మన ప్రాంతానికి మరచిపోరాని సంవత్సరం. పటాస్కర్ నిర్ణయం ప్రకారం ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుండి మదరాసు రాష్ట్రంలోకి వచ్చింది. బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి వైపు కొన్ని గ్రామాలు ఆంధ్రకు వెళ్లాయి. భూమిమీద గీత గీసిన యేడే ఒక చిత్తూరు జిల్లావాడు గీతకు ఇటూ అటూ ఒకే బాణీ పాడించాడు. సరిహద్దును గురించి ఇరుపక్షాలవారూ ఆనాడు ఉద్రేకంగా మాట్లాడారు. వారి కారణాలు వారికున్నవి. ఆ తగవు మళ్లీ తవ్వడం మా పని కాదు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని ఇరువురూ తమవాడంటే ఎలా తప్పులేదో, రాజాగారిని ఇరువురూ తమవాడనడంలోనూ తప్పులేదు.

అయితే ఇంత ప్రతిభగల సంగీత దర్శకుని పని ఎందుకు అంత త్వరగా సన్నగిల్లింది? 1960లో 'విడివెళ్లి', 1961లో శ్రీధర్ గారి 'తేన్ నిలవు', 1962లో 'ఆడిపెరుక్కు' చేశారు. ఆ తరువాత చిత్రాలు వేళ్లమీద లెక్కించదగినన్నే. కొంత కారణం కాలం. తెలుగులో అగ్రనాయకు లిరువురికీ ఘంటసాల గారి కంఠమే నిలబడిపోయింది. తమిళంలో శివాజీ, ఎం.జి.ఆర్. లకు టి. ఎం. సౌందరరాజన్ గారు, జెమినీ గణేశన్ గారికి మన కాకినాడ పి. బి. శ్రీనివాస్ గారు పాడసాగారు. విశ్వనాథన్–రామమూర్తి గార్ల సంగీతం పెద్ద కెరటమై లేచింది. 1962లో శ్రీధర్ గారి 'నెంజిల్ ఓర్ ఆలయం' చిత్రానికి సంగీతం వారిదే. గాయకుడే సంగీత దర్శకుడు కావడంలో మరొక చిక్కు కూడా వున్నది. ఇతర సంగీత దర్శకులు అతనిని తమ తోటివాడుగా, అనగా పోటీవాడుగా చూస్తారు. నిర్మాతలు అతనిని గాయకుడుగానే చూస్తారు. రెండు గుర్రాల స్వారీ అందరికీ నప్పదు.

రాజాగారు మాత్రం పాట మానలేదు. భార్య జిక్కి (శ్రీమతి పి. జి. కృష్ణవేణి) గారితో కలిసి కచేరీలు చేశారు. ఆమె కూడా తెలుగు కుటుంబంలో పుట్టి రెండు భాషలలో పాడిన గాయని. 1973లో 'వీట్టు మాప్పిళ్లై'కి మళ్లీ సంగీతం సమకూర్చారు. 1989 ఏప్రిల్‌లో కచేరీ కోసం దక్షిణాదికి వెళుతూ తిరునెల్వేలి జిల్లా వళ్లియూరు స్టేషనులో రైలు ప్రమాదంలో మరణించారు. అప్పటికి అరవై నిండలేదు. పాడడానికి పోతూ పోయారు. జిక్కిగారు 2004లో పరమపదించారు.

పాత పాటల ముచ్చటకు ఇన్ని పుటలెందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. కారణం వున్నది. 2006 చట్టం తరువాత తమిళనాడు బడులలో తమిళం తప్పనిసరి అయినది. వున్న రాష్ట్రపు భాష నేర్వడం మన విధి; అందుకు మాకు అభ్యంతరం లేదు. కాని దానితోపాటు తెలుగు చదవడం, వ్రాయడం మన పిల్లలలో క్షీణిస్తున్న మాట కాదనలేము. ఇంటిలో తెలుగు మాట్లాడతారు, అక్షరం కూడబలుక్కోవలసివస్తుంది. అటువంటి పిల్లవానికి మొదటిరోజే శతకం ఇస్తే పారిపోతాడు. వాడికి వచ్చిన పాట ఇవ్వండి. చెవికి తెలిసిన మాటను కంటితో గుర్తుపట్టడం సులభం. 'వాడుక' అనే మాట వాడు ముందే పాడియున్నాడు. వ్రాస్తే ఎలా వుంటుందో చూస్తాడు. పక్కనే తమిళపాట తమిళలిపిలో వ్రాసియిస్తే, రెండు భాషల చుట్టరికం వ్యాకరణం లేకుండానే తెలుస్తుంది. తమిళం నేర్చినందువల్ల తెలుగు పోనక్కరలేదని రాజాగారి జీవితమే సాక్ష్యం.

అందుచేత మా విన్నపం ఇది. తిరువళ్లూరు, తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాల పాఠకులు తమ యింట పెద్దలకు వచ్చిన పాత పాటలలో రెండు భాషలలోనూ వున్నవాటి పట్టికను తయారుచేయండి. పాట పేరు, చిత్రం, సంవత్సరం, కవి, సంగీత దర్శకుడు, పాడినవారు, ఇంతే చాలు. వ్రాయడం మాత్రం పిల్లలచేత చేయించండి, పెద్దలు చెబుతూ వుండండి. అక్షరదోషాలుంటే వుండనీయండి, దిద్దుకోవడానికి మేమున్నాము. వచ్చినవాటిని ఈ శీర్షికలోనే వరుసగా ప్రకటిస్తాము.