భూదేవి బిరుదము

ఆటిజముగల బిడ్డను పెంచు తల్లిని జూచినంతనే మనవారు "భూదేవియంత యోర్పు!" అని మెచ్చుకొందురు; మెచ్చి, కాఫీ త్రాగి, పోవుదురు. "అమ్మా, ఒక్కగంట నీవు నిద్రపొమ్ము, బిడ్డను మేము చూచుకొందుము" అన్న బంధువును నే నింతవఱకు గాంచలేదు. పని పంచుకొనకుండుటకు మనమిచ్చు లంచమే యీ మెప్పని నా యభిప్రాయము.

మెప్పునకు ముందు నింద యుండెడిది. 1943లో లియో కానర్ అను వైద్యుడు అమెరికాయందు 11 మంది పిల్లలను పరిశీలించి యీ స్థితిని వర్ణించెను. పిమ్మట, తల్లిమనస్సు మంచుగడ్డ యగుటచేతనే బిడ్డ యిట్లయ్యెనను వాదము పండితులలోనే ప్రబలెను. ఆటిజముగల కుమారునికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో దానిని ఖండించినను, 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ మరల నా పాటయే పాడెను. 1977లో ప్రకటితమైన కవలపిల్లల పరిశోధన వంశానుగత కారణముల ప్రాబల్యమును జూపెను. శాస్త్రము తన తప్పు దిద్దుకొన్నది. మన వంటయిండ్లు దిద్దుకొనలేదు. "గ్రహణమునాడు బయట దిరిగితివి", "ఉద్యోగమునకు బోయి బిడ్డను పనిమనిషికి వదలితివి" అను మాటలు నేటికిని వినబడుచునే యున్నవి. ఉదయము నిందించిన నోరే సాయంకాలము భూదేవి యనును!

ఇంతకు నా తల్లి బలమెక్కడ నున్నది? ఓర్పులో గాదు, చూపులో. కుక్కరు ఈల వేయగానే చెవులు మూసికొని యఱచు బిడ్డను ఇంటిల్లిపాదియు మొండివాడందురు. ఆమె మాత్రము, అఱపునకు ముందేమి జరిగెనో, పిదప నేమి జరిగెనో దినదినము గమనించి, వానిని బాధించునది శబ్దమని కనిపెట్టి, వాడు మేడమీద నుండగా వంట ముగించును. చేయిపట్టి కుండవద్దకు లాగుట దాహమనియు, ఒకే మాటను నూఱుమార్లు వల్లించుట భయమనియు నామె నేర్చుకొన్నది. నిఘంటువు లేని భాష యిది. ఆమె విసుగుకొనదా? విసుగుకొనును, స్నానాలగది తలుపు వేసికొని యేడ్చును, మఱునాడు మరల గమనించును. దీనిని ఓర్పనుట విద్యను తక్కువచేయుట. అదే యింట తండ్రి, బిడ్డ యే గిన్నెలో దినునో యెఱుగడు.

ఈ చూపే కొందఱు తల్లులను గడప దాటించినది. ఇంగ్లండులో మనోవైద్యురాలైన లోర్నా వింగ్ తన కూతురు కారణముగా, 1962లో ఇతర తల్లిదండ్రులతో గలిసి సంఘము స్థాపించెను. ఢిల్లీలో 1991లో అట్టి సంస్థను ప్రారంభించిన మెర్రీ బరువాయు నొక తల్లియే.

కాని యెంతటి తల్లికైనను రాత్రివేళ నొక ప్రశ్న మిగులును: "నా తరువాత వీనికెవరు?" 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము, పదునెనిమిదేండ్లు నిండినవారికి సంరక్షకుని నియమించు మార్గము చూపినది. ఆ పదవికి ముందుకు వచ్చు మనిషిని చట్టము పుట్టించలేదు గదా. ఆమె యీ మాట యెత్తినప్పుడు, బిరుదమిచ్చిన బంధువులందఱు గడియారమువంక జూతురు.