అందాజా మీద ఇంజిన్ విప్పకండి



గోదారికి వరదొచ్చినప్పుడు "నీళ్లు బాగానే ఉన్నట్టున్నాయి" అని ఎవరైనా అంటే మన రాజమండ్రిలో ఊరుకుంటామా? ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులని అడుగుతాం. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటినప్పుడు లంకల్లో జనం సామాన్లు సర్దుకున్నది ఆ అంకె విని. ఎవరి అందాజానో విని కాదు.

మరి బండి ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి మనకేమవుతుంది? ఉస్తాద్ రెండుసార్లు రేజ్ చేసి, చెవి పెట్టి విని, "రింగులు పోయాయి భాయ్, ఇంజిన్ బోర్‌కి వచ్చింది" అంటాడు. మనం తలూపి, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టయినా పైసలు తెస్తాం. కొలిచారా అని ఒక్క సవాల్ వేయం.

మా చాచాకు సరిగ్గా ఇదే జరగబోయింది. గ్యాస్ కిట్టు మీద నడిచే ఓమ్నీ వ్యానే ఆయన రోజీ రోటీ. పొద్దున బడిపిల్లలు, శాదీల రోజుల్లో బిర్యానీ దేగులు. నిలబెడితే బండి వణుకుతోంది, కొవ్వూరు వైపు బ్రిడ్జి ఎక్కాలంటే లాగడం లేదు. షెడ్డులో చెప్పిన ఖర్చు ముప్పై వేలు. చాచీ మెడలో గొలుసు తీసి ఇచ్చేసింది కూడా. అది చూశాక నాకు జిద్దు పుట్టింది. రెండు వేల లోపులో ఒక కంప్రెషన్ గేజ్ కొనుక్కొచ్చాను.

జుమా నమాజు తర్వాత మా ఇంటి ముందే మొదలుపెట్టాం. ఇది దాచుకునే ఇల్మ్ కాదు, చెబుతా వినండి. ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి ఆపాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేశాం. గ్యాస్ వాల్వు మూసి, పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, కాయిల్ కనెక్షన్ విప్పేశాం. ఇవి మరిస్తే మంట రేగే ప్రమాదం ఉంది. మూడు ప్లగ్గులూ తీశాం. బ్యాటరీ ఫుల్ ఛార్జిలో ఉండాలి, సెల్ఫ్ నీరసంగా తిరిగితే గేజ్ తక్కువ చూపిస్తుంది. మా అమ్మాయి లోపల కూర్చుని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, సూది ఆగేదాకా అయిదారు సెకన్లు సెల్ఫ్ కొట్టింది. నేను ఒక్కో సిలిండర్‌కే గేజ్ బిగించి చదివాను. చాచా కాగితం మీద రాశాడు.

165 పీఎస్ఐ. 160. 95.

సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం మించకూడదు. మూడోది ఎక్కడో పడిపోయింది. అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచాం. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందు మూస్తుంది, అంకె బాగా లేస్తుంది. లేవలేదు, 100 దగ్గరే ఆగింది. అంటే రింగుల మీద వేసిన ఇల్జామ్ అబద్ధం. చూడాల్సింది పైన, వాల్వుల వైపు. గ్యాస్ మీద నడిచే బళ్లలో వాల్వు సీటు అరిగి ట్యాపెట్ సందు మూసుకుపోవడం కొత్తేమీ కాదు. వీధి చివర ముసలి ఉస్తాద్‌ను పిలిస్తే కవరు విప్పి అదే చూపించాడు. సందు సరిచేశాక మళ్లీ కొలిస్తే 150. గొలుసు చాచీ మెడలోకి వెళ్లిపోయింది.

డీజిల్ బండికి మాత్రం ఈ గేజ్ పెట్టకండి. దాని ఒత్తిడి రెట్టింపు పైమాటే, దానికి వేరే గేజ్ ఉంటుంది.

"మా మీద ఎత్‌బార్ లేదా?" అని కొందరు ఉస్తాద్‌లు గుర్రుమంటారు. గోష్ దుకాణంలో తరాజూ వైపు చూస్తే ఖసాయి భాయ్ కోప్పడతాడా? ఖర్జు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని సూరా బఖరా చెబుతోంది. ఎదుటివాడు దొంగ అని దానర్థం కాదు కదా! ముప్పై ఏళ్లు ఇంజిన్లు విన్న చెవికి నేనూ సలాం చేస్తాను. ఒక సిలిండర్ సరిగా కొట్టడం లేదని ఆ చెవి చెబుతుంది. రింగా, వాల్వా అని చెప్పాల్సింది గేజ్.

అయితే ఖుసూర్ అంతా ఉస్తాద్‌లది కాదు. "చూసినందుకు కూడా డబ్బులా?" అనేది మనమే. గంటసేపు ప్లగ్గులు విప్పి కొలిచినవాడికి చాయ్ తాగించి పంపేస్తాం, ఇంజిన్ దించినవాడికి వేలు లెక్కపెడతాం. కొలిచిన మెహనత్‌కు మజూరీ ఇవ్వకపోతే ఎవరు కొలుస్తారు? ముప్పై వేలు మిగిల్చినవాడికి మూడు వందలు ఇవ్వడానికి మనసు రాదా?

మన బస్తీల్లో ఎన్ని పొయ్యిలు ఈ పానాల మీద వెలుగుతున్నాయో మీకు తెలుసు. ఒకసారి మోసపోయాననుకున్న కస్టమర్ షోరూంకి పోతాడు. షెడ్డులో షాగిర్ద్ పిల్లాడు ఖాళీగా కూర్చుంటాడు. గేజ్ ఆ పిల్లాడి రోజీకి దుష్మన్ కాదు. రేపు గొడవొస్తే వాడి తరఫున గవాహీ ఇచ్చేది అదే.

ఇకమీదట ఎవరైనా "బోర్‌కి వచ్చింది" అంటే అదబ్‌గానే అడగండి: "ఏ సిలిండర్‌లో ఎంత వచ్చింది ఉస్తాద్?" కాగితం మీద అంకెలు పడేదాకా ఇంజిన్ దించనివ్వకండి.